సారా అబూబకర్ నవల చదవబోతున్నాం, మా అమ్మీకి ఏం చెప్పాలి?

హిందూపురం టీచరమ్మ:

అందరికీ నమస్తే, సలాం. మాది హిందూపురం. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, బస్సెక్కి గౌరిబిదనూరు దాటితే అంతా కన్నడ. కన్నడ మాట్లాడతాను గానీ చదవడం రాదు.

2025 మేలో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ గారికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చాక మేం ఏడుగురం టీచర్లం కలిసి ఆవిడ కథల పుస్తకం ‘హార్ట్ ల్యాంప్’ ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాం. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లం తెలుగులోనో దక్కనీలోనో చెప్పుకుంటాం. పన్నెండు కథలు అయిపోయాయి. ఆవిడకంటే ముందే కన్నడలో ముస్లిం ఆడవాళ్ల గురించి రాసిన పెద్దావిడ సారా అబూబకర్ అని తెలిసి, వచ్చే నెలకి ఆవిడ మొదటి నవల పెట్టుకున్నాం. దానికీ ఇంగ్లీషు అనువాదం ఉంది, ‘బ్రేకింగ్ టైస్’ అని.

చిక్కల్లా మా అమ్మీతోనే. నేను పైకి చదువుతుంటే వింటూ ఉంటుంది. మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లి దగ్గరికి పిల్లల్ని వేసుకుని న్యాయం కోసం వెళ్లే అష్రఫ్ కథ విని, కుట్టుమిషన్ ఆపి, “మన ఇంటి చెత్త మన వాకిట్లో ఊడ్చుకోవాలి గానీ బజారుకి తీసుకెళ్లి పోస్తారా?” అంది. అమ్మీ ఏమీ తెలియని మనిషి కాదు. ఆ మిషన్ మీదే మమ్మల్ని ముగ్గుర్ని చదివించింది. అందుకే చప్పున ఏం చెప్పాలో తోచలేదు.

సారా గారిని కన్నడలో చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బాను గారిలాగే ఉంటారా? ఇంతకీ మా అమ్మీకి ఏం చెప్పమంటారు?

సినిమా పిచ్చోడు:

నవల చదవలేదండీ, సినిమా సంగతి తెలుసు. ‘బ్యారి’ అని, 2011 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా నేషనల్ అవార్డు పంచుకుంది. అది తన నవలే, తనని అడగకుండా తీశారని సారా గారు కోర్టుకెళ్లారు. మంగుళూరు కోర్టు ఆవిడ పక్షానే తీర్పు ఇచ్చింది. బాను గారి అష్రఫ్ కథ కూడా సినిమాగా వచ్చింది, గిరీశ్ కాసరవల్లి ‘హసీనా’. అందులో తారకి ఉత్తమ నటి అవార్డు. దొరికితే చూడండి.

రిటైర్డ్ కౌంటర్ నంబర్ 4:

మంగుళూరులో పన్నెండేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను తల్లీ. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదువు. కథ ముగింపు కూడా చెప్పేస్తాను, వద్దనుకుంటే మధ్యలో దాటెయ్యి.

నవల పేరు ‘చంద్రగిరియ తీరదల్లి’. చంద్రగిరి అనగానే మనకి తిరుపతి పక్కన కోట గుర్తొస్తుంది. ఇది అది కాదు, కాసరగోడు దగ్గర సముద్రంలో కలిసే నది. సారా గారు 1936లో కాసరగోడులోనే పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో దక్షిణ కన్నడ జిల్లా. 1956 నవంబరు 1న కేరళలో కలిసింది. మన ఆంధ్రప్రదేశ్ పుట్టింది కూడా ఆరోజే. ఆవిడ ఇంట్లో మలయాళం, బడిలో కన్నడ. నీది ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. బాను ముష్తాక్ గారిదీ అంతే, ఇంట్లో దక్కనీ. ఎనిమిదేళ్లప్పుడు శివమొగ్గలో కన్నడ బడిలో వేస్తూ, ఆరు నెలల్లో రాయడం చదవడం రావాలి, లేకపోతే వెళ్లిపోవాలి అన్నారట. కొద్ది రోజుల్లోనే నేర్చేసుకున్నారు. అమ్మ ఒడిలో ఒక భాష, పలక మీద ఇంకో భాష ఉన్నవాళ్లు మీరంతా. ఆ పలక మీది భాషలోనే ఇంటి సంగతులు రాయడం వాళ్లిద్దరూ చేసిన పని. మీ అమ్మీకి గుచ్చుకున్నది కూడా అక్కడే అనుకుంటాను.

కాసరగోడు ముస్లిం కుటుంబాల్లో బడికెళ్లిన తొలి ఆడపిల్లల్లో సారా గారు ఒకరు. నాన్న లాయరు కాబట్టి కుదిరింది. ఆపైన పెళ్లి, ఇంజనీరు భర్త, నలుగురు మగపిల్లలు. లైబ్రరీలో సభ్యత్వం దొరకడమే 1963లో. అచ్చులో మొదటిసారి పేరు పడింది 1981లో, లంకేశ్ పత్రిక అనే కన్నడ వారపత్రికలో మతసామరస్యం మీద ఒక వ్యాసానికి. అప్పటికి నలభై అయిదేళ్లు. ఆ వయసులో మనం కొత్తగా ఒక కూర వండటానికే బద్ధకిస్తాం.

నేను కన్నడ నేర్చుకున్నది కూడా ఆ లంకేశ్ పత్రికతోనే. అనంతపురం నుంచి 1982లో మంగుళూరు వచ్చాను, మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. లిపి మనకి సగం వచ్చినట్టే కదా, తలకట్టు దగ్గర తేడా తప్ప. మాటలు కూడా అంతే. మన పాలు వాళ్లకి హాలు, పులి హులి, పొద్దు హొత్తు. సారా గారి ఆత్మకథ పేరు ‘హొత్తు కంతువ మున్న’, అంటే పొద్దు గుంకే ముందు. ఈ ‘ప’కీ ‘హ’కీ మధ్య దారి తెలిస్తే సగం కన్నడ తెలుగే. ఆ పత్రికలో ఒక్క ప్రకటన కూడా ఉండేది కాదు. నలుపూ తెలుపూ కాగితాలు, నిండా అక్షరాలే. వారం వారం కొని డ్రాయరులో పెట్టుకుని, లంచ్ టైములో వేలు పెట్టి కూడబలుక్కునేదాన్ని.

ఇక అసలు సంగతికొస్తాను. మా బ్రాంచిలో కౌంటర్ మీద ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని బుర్ఖా వేసుకున్నవాళ్లంతా నా దగ్గరికే వచ్చేవాళ్లు. గల్ఫ్ డ్రాఫ్టుల రోజులు. మొగుడు దుబాయిలోనో దమ్మాంలోనో ఉంటాడు, పెళ్లాం పేర డ్రాఫ్టు వస్తుంది, దాన్ని వేసుకోవడానికి ఖాతా కావాలి. అలా ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. పాతికేళ్లు ఉండవు. ఫారం నింపి పెన్ను అందించాను. తను పెన్ను వంక చూసి, అవతల మేనేజరుతో మాట్లాడుతున్న నాన్న వీపు వంక చూసి, పెన్ను పక్కన పెట్టి బొటనవేలు చాచింది. నేను స్టాంపు ప్యాడ్ జరిపాను. చదువు రాదు కాబోలు అనుకున్నాను.

మూడు నెలల తర్వాత డబ్బు తీసుకోవడానికి వచ్చి, నా డ్రాయరులోకి తొంగి చూసి, “మీరు చదివేశారా మేడం ఈ వారంది? ఇస్తారా?” అంది. చదవడం వచ్చా అన్నాను. ఏడో తరగతి దాకా కన్నడ మీడియమట. మరి సంతకం ఎందుకు పెట్టలేదు అంటే నవ్వి, గొంతు తగ్గించి చెప్పింది. “సంతకం అయితే విత్‌డ్రాయల్ ఫారం ఇంటికొస్తుంది మేడం, పెట్టు అంటే పెట్టాలి. వేలు అయితే నేనే బ్యాంకుకి రావాలి కదా.”

బ్యాంకులో పనిచేయని వాళ్ల కోసం ఒక ముక్క. వేలిముద్ర ఖాతాకి చెక్కుబుక్కు ఇవ్వరు. డబ్బు తియ్యాలంటే ఖాతాదారు పాస్‌బుక్కుతో స్వయంగా రావాలి, ఫొటో చూసి, మా ఎదురుగా వేలు వేస్తేనే ఇవ్వాలి. చదువురానివాళ్లని ఎవరూ మోసం చెయ్యకుండా పెట్టిన రూలు. చదువొచ్చిన పిల్ల దాన్ని తన కోసం వాడుకుంది. రూలు ప్రకారం నేను ఆ సంగతి పై ఆఫీసరుకి చెప్పి ఖాతా మార్పించాలి. చెప్పలేదు. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

1984లో నవల పుస్తకంగా వచ్చింది. కొన్నాను. కథ పెద్దదేం కాదు. నాదిరా, రషీద్ బాగానే కాపురం చేసుకుంటుంటారు, ఒక కొడుకు. నాదిరా తండ్రి మహమ్మద్ ఖాన్‌కి అల్లుడితో డబ్బు దగ్గర చెడుతుంది. కూతుర్ని పుట్టింటికి తెచ్చుకుని ఇక పంపడు. తలాక్ అయిపోయిందంటాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ విడిపోవాలని లేదు, ఇద్దరూ మళ్లీ కలవాలనే అనుకుంటారు. కలవాలంటే మధ్యలో ఆమె ఇంకొకడిని పెళ్లాడి, ఒక రాత్రి గడిపి, వాడు తలాక్ ఇవ్వాలి. నాదిరా ఆ రాత్రి మసీదు కోనేట్లో దూకి చచ్చిపోతుంది.

ఆ పుస్తకం ఆ అమ్మాయికి ఇచ్చాను. ఇరవై రోజుల తర్వాత తిరిగిచ్చింది. పిల్లల నోటుపుస్తకానికి వేసినట్టు దానికి ఖాకీ అట్ట వేసి ఉంది, అట్ట మీద ‘లెక్కలు’ అని రాసి ఉంది. ఎలా ఉందంటే, నాదిరా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “ఖాన్‌ని సరిగ్గా రాశారు మేడం. నాన్నలు కోపంగా తీసుకెళ్లరు, నవ్వుతూనే తీసుకెళ్తారు” అంది. కాసేపాగి, “పాపం, నాదిరాకి బ్యాంకు ఖాతా లేదు కదా” అంది. ఆవిడ జోక్ చేసిందో నిజంగా అందో నాకు ఈరోజుకీ తెలియదు.

మీ అమ్మీకి నేనేమీ చెప్పలేను. ఆ ఖాకీ అట్ట సంగతి మాత్రం చెప్పు. సారా గారు రాసింది బజారులో పోయడానికే అయితే, మొదట చదివినవాళ్లలో ఇంట్లోవాళ్లు కూడా ఉన్నారు, అట్ట వేసుకుని మరీ.

బాను గారితో పోలిక అడిగావు. సారా గారిది పెరట్లో గిన్నెలు తోముకుంటూ చెప్పినట్టుండే వాక్యం. అలంకారం ఉండదు. తర్వాత రాసిన కొన్నిటిలో పాత్రలు మాట్లాడుతున్నాయా ఉపన్యాసమిస్తున్నాయా అనిపిస్తుంది, అది నా అభిప్రాయం. బాను గారు లాయరు కదా, పైగా పదేళ్లు లంకేశ్ పత్రికకి రిపోర్టింగ్ చేశారు. వెటకారం ఎక్కడ పెట్టాలో తెలుసు. మొదటిది చదివితే కడుపులో మెలిపెడుతుంది, రెండోది చదివితే నవ్వొచ్చి, నవ్వినందుకు సిగ్గేస్తుంది.

పాతబస్తీ బాబాయ్:

అందరూ మెచ్చుకుంటున్నారు, ఒక్క మాట నేనూ అంటాను. ఈ కథల్లో ముస్లిం మగాడు ఎప్పుడూ దుర్మార్గుడే ఎందుకు? నిజంగా అలాంటివాళ్లు లేరని అనను. కానీ మా మీద మంటపెట్టేవాళ్లు వాట్సాప్‌లో ఏది పంచుకుంటారో మీకు తెలియదా? ఆ తల్లి అన్నది అదే. చెత్త ఊడ్చడం వద్దని కాదు, చీపురు ఎవడి చేతికి వెళ్తుందో చూసుకోవాలి.

కర్నూలు వకీలమ్మ:

బాబాయ్, నేనూ మనవాళ్లే. ఆ భయం నాకూ ఉంది. కానీ నవల చదవకుండా అన్నట్టున్నారు. ఇందులో రషీద్ మంచివాడు. పెళ్లాన్ని ప్రేమించిన మనిషి, చివరిదాకా. ఇద్దరు మంచివాళ్ల మధ్య ఒక తండ్రి పంతం, దాని చేతికి దొరికిన ఒక నియమం, అదీ కథ. అసలు ఆ నియమం ఉద్దేశం వేరు. తలాక్‌ని ఆటగా తీసుకోకుండా అడ్డు పెట్టడం. విడిపోయినావిడ తనంతట తాను మరో పెళ్లి చేసుకుని, అదీ నిలవకపోతేనే పాత భర్తతో నికా కుదురుతుంది. ముందే మాట్లాడుకుని ఒక రాత్రికి పెళ్లి చెయ్యడాన్ని, హలాలా అంటారు దాన్ని, ఉలమాలే, అంటే మతపండితులే, తప్పు పడతారు, అలా చేసేవాడినీ చేయించుకునేవాడినీ శపించే హదీసు, ప్రవక్త మాట, ఉంది. సారా గారు వేలు పెట్టి చూపించింది ఆ బేరాన్నే.

చట్టం సంగతి కూడా మీ గుంపులో ఎవరో ఒకరు అడుగుతారు, రాసిపెడతాను. నవల వచ్చిన మరుసటేడే, 1985లో, విడాకులైన ముస్లిం ఆడవాళ్లకి భరణం ఇవ్వాలన్న షా బానో తీర్పు. 1986లో దాన్ని దాటుకుంటూ చట్టం. ఒకే ఊపులో మూడుసార్లు చెప్పే తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు అన్నది 2017 ఆగస్టు 22న, ముగ్గురు జడ్జీలు అటు, ఇద్దరు ఇటు. 2019 చట్టంతో అది మూడేళ్ల దాకా జైలు పడే నేరమైంది. ఆ 2017 తీర్పు హలాలా జోలికి పోలేదు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకి తలాక్ మాట కంటే నెల ఖర్చు మాట ముఖ్యం. మొగుణ్ణి జైల్లో పెడితే ఆ ఖర్చు ఎవరిస్తారని అడుగుతారు. జవాబు చెప్పడం కష్టం.

రిటైర్డ్ కౌంటర్ నంబర్ 4:

వకీలమ్మా, బాగా చెప్పావు.

బాబాయ్ గారూ, చీపురు మాట నిజమే. కానీ ఆ ఇద్దరూ రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్నారు. సారా గారిని 1985లో పుత్తూరు సాహిత్య సభ దగ్గర సొంతవాళ్లే అడ్డుకోబోయారు. మసీదులోకి ఆడవాళ్లని రానివ్వాలన్నందుకు బాను గారి కుటుంబాన్ని 2000లో మూడు నెలలు వెలివేశారు, ఒకడు కత్తితో వచ్చాడు, ఆవిడ భర్త పట్టుకున్నాడు. ఇదొక పక్క. ఇంకో పక్క, 2025లో మైసూరు దసరా ప్రారంభించడానికి అదే బాను గారిని పిలిస్తే, ముస్లిం ఎలా చేస్తుందని కోర్టుకెళ్లారు. హైకోర్టు, సుప్రీంకోర్టు రెండూ కొట్టేశాయి, సెప్టెంబరు 22న చాముండి కొండ మీద ప్రారంభించారు. మీరు చెప్పే వాట్సాప్ వాళ్లకి ఆవిడ ఆరోజు ఏమీ పనికిరాలేదు చూడండి.

మగాళ్ల మాటకొస్తే, ఆడవాళ్లని కూడా వదల్లేదు బాను గారు. కఫన్ కథ గుర్తుందా టీచరమ్మా? హజ్‌కి వెళ్లే డబ్బున్నావిడతో పేద ముసలావిడ ఒకే ఒక్క కోరిక కోరుతుంది, నా కఫన్ బట్ట, అంటే చనిపోయాక చుట్టే గుడ్డ, మక్కాలోని పవిత్రమైన జమ్‌జమ్ నీళ్లలో ముంచి తెచ్చిపెట్టమని. ఈవిడ మర్చిపోతుంది. అందులో విలన్ మగాడా?

పాతబస్తీ బాబాయ్:

కఫన్ కథ ఇప్పుడే ఇంగ్లీషులో మా కోడలి ఫోన్లో చదివించుకున్నాను. ఏమీ అనను. మా అమ్మ కూడా అలాగే ఒకర్ని అడిగింది. వాళ్లు తెచ్చారు, అల్లా వాళ్లని చల్లగా చూడాలి. నవల దొరికితే చదువుతాను. మాట వెనక్కి తీసుకోవట్లేదు, చదివాక మళ్లీ అంటాను.

హిందూపురం టీచరమ్మ:

ఆంటీ, వకీల్ అక్కా, బాబాయ్, అందరికీ షుక్రియా.

నిన్న రాత్రి ఈ చర్చంతా అమ్మీకి దక్కనీలో చదివి వినిపించాను. కోర్టు తీర్పుల దగ్గర ఆవలించింది. నాదిరా కోనేట్లో దూకిందంటే, “బిడ్డనొదిలి దూకడమేంది?” అని సారా గారి మీద కోప్పడింది. బాబాయ్ మాటకి తల ఊపింది. ఆంటీ, మీ బ్యాంకు అమ్మాయి దగ్గర మాత్రం మళ్లీ చదవమంది. రెండుసార్లు. తర్వాత లేచి వెళ్లి ట్రంకు పెట్టె అడుగు నుంచి పాత పాస్‌బుక్కు ఒకటి తెచ్చి చూపించింది. మా అబ్బా ఉన్నప్పటిది, నేనెప్పుడూ చూడలేదు. అందులో అమ్మీ ఫొటో, ఫొటో పక్కన వేలిముద్ర. అమ్మీకి ఉర్దూ, తెలుగు రెండూ రాయడం వచ్చు! ఎందుకమ్మీ అంటే, “పడుకో, పొద్దున్నే బడి ఉంది” అంది.

నవల మొదలుపెట్టేటప్పుడు తను కూడా కూర్చుంటుందట. అయితే షరతు, ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాతే, పెళ్లి జాకెట్లు ఇచ్చెయ్యాలి. ఇంకో ప్రశ్న కూడా అడగమంది ఆంటీ. ఆ అమ్మాయి డబ్బు ఏమయ్యింది?

రిటైర్డ్ కౌంటర్ నంబర్ 4:

మీ అమ్మీకి నా నమస్కారం చెప్పు తల్లీ. ఆవిడ ముందు నేను కన్నడ నవల గురించి మాట్లాడటం తాతకి దగ్గులు నేర్పినట్టే.

డబ్బు భద్రంగానే ఉంది. ఒక్కొక్క డ్రాఫ్టు నుంచి కొంచెం కొంచెం తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసేది. నాకు 1994లో బదిలీ అయింది. ఆఖరి రోజున తను వచ్చి, రశీదు మీద ఎప్పటిలాగే వేలు వేసింది. తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాను. వేలు తుడుచుకుని, కౌంటర్ మీదున్న పే ఇన్ స్లిప్పు ఒకటి తిరగేసి, నా పెన్ను తీసుకుని కన్నడలో తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా, గుండ్రంగా, బడిలో పలక మీద రాసినట్టు. నేను చదివేదాకా ఆగింది. చదివాక దాన్ని నాలుగు ముక్కలు చేసి, పాస్‌బుక్కుతో పాటు సంచిలో వేసుకుని వెళ్లింది.